కోత గీత, మడత గీత

గ్రిమ్స్‌బీ రేవులో ముప్ఫై ఒక్క ఏళ్లు
హాడక్ చేపల ముల్లు తీశాను.
మంచునీళ్లు నా వేళ్లలోంచి
ముందు వెచ్చదనాన్ని, తర్వాత ఒడుపుని పట్టుకుపోయాయి.
ఫ్యాక్టరీ మూస్తూ చేతిలో పెట్టిన డబ్బుతో
మా ఆయన సమాధికి రాయి వేయించి
మిగిలినదాంతో ఈ కాయితాలు కోసే మిషను కొన్నాను.
"మావిస్‌కి ఇంకా కత్తి కావాలట!"
తోటివాళ్లు నవ్వారు.

ఔను, కావాలి.
కాకపోతే ఈ కత్తి మొన నువ్వుగింజంత.

జిగురు చాప మీద కాయితం పరిచి
అరచేత్తో నిమిరి మీట నొక్కితే
అటూ ఇటూ కదులుతూ గొణుక్కుంటుంది,
చర్చిలో వెనక బెంచీ ముసలమ్మలా.
చాపకి జిగురు తగ్గింది.
సగం తప్పు పిల్లి బొచ్చుది.

గులాబీ సంగతి చెప్పాలి.
అది గులాబీలా తెగి రాదు.
నత్తగుల్ల గీసినట్టు ఒక చుట్ట,
బల్లపరుపుగా, దేనికీ కొరగానట్టు వస్తుంది.
బయటి కొస పట్టుకుని లోపలికి చుట్టుకుంటూ పోతే
ఆఖర్న మిగిలే నడిమి బిళ్ల
పువ్వుకి పీట అవుతుంది.
నా మొదటి గులాబీ అచ్చం క్యాబేజీ.
దాన్నే కిటికీలో పెట్టాను.

పువ్వులు ఊడి వచ్చాక మిగిలే షీటుని పారెయ్యను.
చేప కండ పోయాక ముల్లు మిగిలినట్టు
ఒళ్లంతా ఖాళీలతో నిలబడుతుంది.
ఎండకి అడ్డం పెడితే గోడ మీద తోట.

మిషనుకి తెలిసినవి రెండే గీతలు.
నిండు గీతయితే తెగ్గోస్తుంది.
చుక్కల గీతయితే ఒత్తి వదిలేస్తుంది,
అక్కడ కాయితం వంగుతుంది, విడిపోదు.
ఒకదానికొకటి మార్చి చెప్పానా,
పెట్టెకి బదులు ముక్కలు.
ఎన్ని షీట్లు అలా తగలేశానో అడక్కండి.

మార్చిలో, వానలో,
పక్కవీధి క్లైవ్ రాన్‌షా వచ్చాడు.
టోపీ తియ్యలేదు, కూర్చోలేదు.
"ఐదున్నర, మూడున్నర, ఎత్తు రెండంగుళాలు.
మూత కావాలి. పువ్వులొద్దు."
"పుట్టినరోజా?"
"కాదు."
"మరి?"
"పెట్టె చాలు, మావిస్."

వీధి మొత్తానికి తెలిసిందే.
వాళ్ల నాన్న పడవ దిక్సూచి
క్లైవ్ బీరువాలో ఉంది.
నది అవతల, హల్‌లో, తమ్ముడు నెవిల్
అది తనదంటాడు.
పడవ అమ్మిన రోజు నుంచి, పంతొమ్మిదేళ్లు,
ఆ రెండిళ్ల మధ్య మాట లేదు.

మొదటి మూత పట్టలేదు. రెండోది జారిపోయింది.
మూడోసారి, పెట్టె కంటే మూతకి
ఒక్క మిల్లీమీటరు ఎక్కువిచ్చాను. కుదిరింది.
మా సముద్రం రంగు కాయితం,
అంటే నీలం కాదు, బూడిద.
పువ్వులొద్దన్నాడు గానీ
చేప వద్దనలేదుగా.
మూత లోపల, తెరిస్తేనే కనబడేట్టు
ఒక్క హాడక్‌ని చుక్కల గీతతో ఒత్తాను.
కొయ్యలేదు.

మూడు వారాలకి క్లైవ్ మళ్లీ వచ్చాడు,
చేతిలో వెడల్పాటి కవరు.
అందులో నా పెట్టె,
విప్పి, చదును చేసి, పలకలా.
ఎక్కడా చిరుగు లేదు.
జిగురు పెట్టిన రెక్కల్ని కెటిల్ ఆవిరికి పట్టి
ఓపిగ్గా ఊడదీశాడు ఎవరో.
దిక్సూచి మాత్రం లేదు.
లోపలివైపు, మడత పక్కన, పెన్సిల్‌తో:
"శనివారం వస్తా. టీలో చక్కెర మానేశాను. నె."

ఆ వాక్యాన్ని ఇద్దరం చూస్తూ నించున్నాం.
ఏం మాట్లాడాలో తోచక
మిషను ఆపాను. అది ఆగే ఉంది.

"ఇది మళ్లీ పెట్టె అవుతుందా?" అన్నాడు.
"ఎందుకవదు?
ఎక్కడ వంగాలో కాయితానికి గుర్తుంటుంది."

కాసేపు ఆలోచించాడు.
"ఇప్పుడే వద్దులే.
అక్షరాలు లోపలికి వెళ్లిపోతాయి."

అని, టోపీ తీసి, కుర్చీ లాక్కున్నాడు.
బట్టతల.
ఇన్నేళ్లూ నాకు తెలీదు.