రిమార్కుల గడి

నా లాగ్‌బుక్కులో ఆరు గడులు.
తేదీ, యంత్రం, లేచిన చోటు, దిగిన చోటు, గంటలు,
చివర, బొటనవేలంత వెడల్పున, రిమార్కులు.
అందులో ఏం రాయాలో మాకెవరూ నేర్పలేదు.
ఏం రాయకూడదో మాత్రం మొదటి వారమే తెలిసిపోయింది.
"విశేషం లేదు" అని రాసేవాణ్ణి.
రెండేళ్ళు, మూడువందల పదిహేడు సార్లు,
విశేషం లేదు.

ఇప్పుడు ఓల్యావ్‌లో, మేడ మీది గదిలో,
కిటికీ అవతల ఉప్పుమడులు, కింద చేపల మార్కెట్టు కేకలు,
ఐదింటికే లేచి రాస్తాను.
లేపేది అలారం కాదు, మోకాలు.
గాల్లోకి లేచే ముందు చూసుకున్నట్టే వరసగా చూసుకుంటాను:
క్రియ ఉందా, కర్త ఉన్నాడా,
ఎవరు చేశారో చెప్పకుండా వాక్యం తప్పించుకు పోతోందా.
మిలిటరీ రిపోర్టులో కర్త ఉండడు.
"గ్రామం ఖాళీ చేయబడింది."
"ఒకరు వదిలివేయబడ్డారు."
ఎవరిచేత?
ఆ ప్రశ్నకే ఐదు నవలలు పట్టాయి నాకు.

పైనుంచి చూశావు కాబట్టే రచయితవయ్యావు, అంటారు జనం.
పైనుంచి ఏమీ కనబడదు.
ముయేదా పీఠభూమి మీద అడవి ఉడికించిన ఆకుకూరలా ఉండేది.
పొగ కనబడేది. ఎవరి పొయ్యిదో, ఎవరి కొంపదో
దిగాకే తెలిసేది, దుమ్ము కళ్ళల్లో కొట్టాక,
తలుపు బయటినుంచి ఒక చెయ్యి
నా మెకానిక్కు ఫిర్మీనో చొక్కా పట్టుకున్నాక.

సేవ అనే మాట నాకిష్టం లేదు.
ఇష్టం లేదనడమూ పూర్తి నిజం కాదు.
తప్పుడు యుద్ధం అది. ఆ నేల మాది కాదు.
స్ట్రెచర్ మీది కుర్రాడికి
ఎవరి కోసం ఎగురుతున్నానన్నది అక్కర్లేదు,
ఎంతసేపట్లో అన్నదే.
ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టినప్పుడల్లా
మధ్యలో ఒక "కానీ" వచ్చి కూర్చుంటుంది.
నలభై ఏళ్ళుగా దాన్ని తీస్తున్నాను, పెడుతున్నాను.

కొత్త నవలలో, నూట ఎనభై ఎనిమిదో పేజీలో,
పైలట్ వెనక్కి తిరుగుతాడు.
బరువెక్కువైందని దింపేసిన, మూటలు మోసే కుర్రాడి కోసం,
చీకటి పడుతుండగా, మొక్కజొన్న చేలో మళ్ళీ దిగుతాడు.
కుర్రాడి పేరు తోమే. ఎక్కుతాడు. బతుకుతాడు.
నా సంపాదకురాలు ఇల్డా ఫోన్ చేసి ఏడ్చింది.
భోంచేశావా అని అడిగాను. ఇంకేమనాలో తోచలేదు.

తర్వాతి వారం ఫిర్మీనో ఉత్తరం.
బెజా దగ్గర ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు, ఎనభై ఒకటో ఏట కూడా.
గళ్ళ కాగితం, మూలన గ్రీజు వేలిముద్ర.
"లెఫ్టినెంట్ గారూ, పుస్తకం చదివాను. మా ఆవిడా చదివింది.
నూట ఎనభై ఎనిమిదిలో తప్పుంది.
ఆ రోజు ట్యాంకులో మిగిలింది పదకొండు నిమిషాలే.
మీరు రాసినట్టు వెనక్కెళ్ళి రావాలంటే పదిహేను కావాలి.
ఆ నాలుగూ ఎక్కణ్ణించి తెచ్చారు?
ఇంకోటి. వాడి పేరు తోమే కాదు.
మీరు మీటర్లు చూసుకుంటున్నారు, అడగలేదు.
నేనడిగాను, దింపుతూ."
కింద ఒక పేరు, పెద్దక్షరాల్లో,
యంత్రం సీరియల్ నంబరు రాసినంత జాగ్రత్తగా.

రెండో ముద్రణకి దిద్దుబాట్లు పంపమంది ఇల్డా.
ఇంధనం తప్పు అలాగే ఉంచమన్నాను.
పేరూ మార్చొద్దన్నాను.
బతికినవాడు తోమే. ఈ పేరు ఇంకొకడిది.

పెట్టె అడుగునుంచి లాగ్‌బుక్కు తీశాను.
అక్టోబరు పంతొమ్మిది, డెబ్బై రెండు.
గంట నలభై నిమిషాలు. విశేషం లేదు.
కొట్టేయలేదు. రికార్డులో కొట్టివేతలు ఉండకూడదు.
దాని పక్కన, గడి దాటి అంచు మీదికి పోయినా సరే,
లిపాంగటి, అని రాశాను.
చెయ్యి వణికి ఆఖరి అక్షరం తోక సాగింది.
కింద మార్కెట్లో ఎవరో
చేపల కోసం ఐసుగడ్డ పగలగొడుతున్నారు.