ఇంటికి కాళ్ళున్నాయి

మూడు రోజులుగా వాన.
కాస్త్రో రేవులో పడవలు కదల్లేదు, బడి తలుపు తీయలేదు.
పొయ్యి మీది తీగకు ఆరు మేజోళ్ళు,
ఎంతకీ ఆరవు.
"అమ్మా, ఏం చెయ్యను?"
పొద్దుట్నించి ఇది పదకొండోసారి సెల్సో అడగడం.

ఆల్చిప్పలు ఒలుస్తున్నాను.
కత్తి ఆపకుండానే అన్నాను:
"ఈ వానలో మన ఇల్లు ఏమనుకుంటోందో రాయి, పో."
వాణ్ణి కాసేపు వదిలించుకుందామనే అన్నాను,
అబద్ధమెందుకు.

కాగితం లేదు. పిండి సంచీ చింపి ఇచ్చాను.
బల్ల కింద దూరాడు.
చాలాసేపు చప్పుడు లేదు.
పిల్లల దగ్గర చప్పుడు లేకపోతే
ఏదో పగిలిందనే కదా అర్థం!
వంగి చూశాను.
నాలుక ఓ పక్కకు పెట్టి
ముక్కు కాగితానికి ఆనించి
రాస్తున్నాడు.

"మా ఇంటికి తొమ్మిది కాళ్ళున్నాయి.
రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి వాటిని కడుగుతుంది.
సబ్బు మాత్రం తేదు.
మా ఇంటికి జలుబు."

పలకని అక్షరాన్ని ఎప్పటిలాగే మింగేశాడు.
చుక్కలు పెట్టాల్సిన చోట పిండి మరకలు.
నా చెవి మీద ఎర్ర పెన్సిలుంది,
ఫ్యాక్టరీలో బకెట్లు లెక్కపెట్టే పెన్సిలు.
చెయ్యి దాని దాకా వెళ్ళింది.

నాకూ ఒకప్పుడు ఓ నోటుపుస్తకం ఉండేది.
అందులో నక్క గురించి రాశాను,
చంద్రుణ్ణి బంగాళాదుంప అనుకుని తవ్వబోయిన నక్క.
పంతులమ్మ పదిహేడు ఎర్ర గీతలు గీసింది.
నక్క గురించి ఒక్క ముక్క అనలేదు.
ఆ తర్వాత నేను రాసినవన్నీ
ఉప్పు, కొవ్వొత్తులు, అప్పు పద్దులే.

పెన్సిలు తీసి పొయ్యిలో పెడదామనుకున్నాను,
రేపు బకెట్లు ఎలా లెక్కపెట్టను?
జేబులో వేసుకున్నాను.

"ఊ?" అన్నాను.
"ఊ అంటే?"
"ఊ అంటే, ఆ తర్వాత?"

వాడి మొహం చూడాలి మీరు.
కత్తి మొనకి ఒక్కసారిగా తెరుచుకున్న
ఆల్చిప్పలా.
ఆ తర్వాత ఆ తొమ్మిది కాళ్ళ ఇల్లు
రాత్రి అందరూ నిద్రపోయాక లేచిందట.
పక్కింటి ఒర్ఫెలీనా వాళ్ళ ఇంటిని కూడా లేపిందట.
రెండూ నీళ్ళలో ఈడ్చుకుంటూ, గిన్నెలు గలగలమంటుంటే,
ఎండ ఎక్కడుందో వెతకడానికి బయల్దేరాయట.
"ఊ," అన్నాను.
ఆల్చిప్పలు చల్లారాయి.
"ఊ," అంది చిన్నది నిల్డా,
దానికింకా రెండు మాటలే వచ్చు,
ఇప్పుడు మూడు.

అక్కడ ఆగిపోయాడు.
"ఎండ దొరికిందా?" అన్నాను.
"తెలీదు. నువ్వు రాయి."
"నేనా?"
"నువ్వే. నాకు ఆకలేస్తోంది."

చేతులు తుడుచుకున్నాను. ఉప్పు వాసన పోలేదు.
సంచీ అంచున మిగిలింది రెండు వేళ్ళ చోటు.
జేబులో ఉన్నది ఒక్క ఎర్ర పెన్సిలే.
చాలాసేపు రాలేదు.
ఆ తర్వాత వచ్చింది:

"కొండ మీద ఒక నక్క
నేలలోంచి ఏదో గుండ్రంగా తవ్వి తీస్తోంది.
ఇళ్ళు రెండూ తలుపులు తెరిచి
దాన్ని అడిగాయి..."

సెల్సో దుంప నములుతూ వచ్చి
భుజం మీంచి చదివాడు.
తప్పులున్నాయి, నాకే కనిపిస్తున్నాయి.
వాడు వేలితో ఏ అక్షరాన్నీ చూపలేదు.
నోట్లో ముద్ద అలాగే ఉండగా అన్నాడు:

"ఊ?"

బయట ఆటు మొదలైంది.
ఇంటి కాళ్ళ మధ్యనుంచి
నీళ్ళు మెల్లగా వెనక్కి పోతున్నాయి.
ఇంకో సంచీ ఉందేమో చూడాలి,
పిండి ఇంకా సగం ఉంది దాన్లో,
గిన్నెలో పోసేస్తే సరి.