పదైదువేల గీత

తాడిపత్రిలో స్లాబు అంటే బండ.
నల్లది, నాలుగడుగులది,
నీళ్లు తాగుతూ రంపం కింద
అరిచి అరిచి రెండుగా విడిపోయేది.
మా ఆఫీసు గదిలో స్లాబు అంటే ఇంకొకటి.
పదైదువేల దాకా వృత్తి పన్ను లేదు.
దాటితే నూటయాభై.
ఇరవైవేలు దాటితే రెండొందలు.

లింగమూర్తి గుమాస్తా పని మానుకున్న వారానికి
ఓనరు నన్ను పిలిచి,
"మాబున్నీ, బీకాం కంప్యూటర్స్ గదా నువ్వు,
ఈ జీతాల కోతలేవో మిషన్‌తో చేయించు" అన్నాడు.
నలభై ఒక్క పేర్లు, మూడు స్లాబులు.
ఒక పూట పని అనుకున్నా.

మా తాత దూదేకేవాడు.
వింటినారి ఒక్క మోత మోగితే
నలుసు కిందికి, పింజ పైకి.
నేను రాసిందీ అంతే.
అయితే ఇటు, లేకుంటే అటు.
కరెంటు రెండుసార్లు పోయింది.
సేవ్ చేసుకోనందుకు ఒకసారి
మొదటి నుంచీ రాసినాను.
సాయంత్రం ఐదింటికి నలభై ఒక్క స్లిప్పులు
ప్రింటర్ నోట్లోంచి చీమలబారు మాదిరి దిగినాయి.
ఓనరు టీ తెప్పించినాడు. బిస్కెట్లు కూడా.

మర్నాడు హుస్సేనప్ప వచ్చినాడు.
రెప్పల మీద బండపొడి,
తడి వేళ్ల మధ్య మెత్తబడిన స్లిప్పు.
"నాది సరిగ్గా పదైదువేలమ్మా.
దాటల్యా.
మరి నూటయాభై యాల కోసినారు?"

చూసినాను. నిజమే, దాటలేదు.
గీత మీద నిలబడి ఉన్నాడు మనిషి.
నేను పెట్టిన 'ఎక్కువ' అనే గుర్తు పక్కన
'సమానం' కూడా చేరి కూర్చోనుంది,
వెంట్రుకంత సమానం.
దాని కింద పదకొండుమంది పడినారు.
పదహారువందల యాభై రూపాయలు,
నా ఒక్క వేలి తప్పు.

తుడిపేసినాను. డబ్బు తిరిగిచ్చినాము.
హుస్సేనప్ప లెక్కపెట్టుకోకుండా జేబులో దోపుకొని,
"మిషనుకు చెప్పు పాపా,
సమానమంటే ఎక్కువ కాదని" అన్నాడు.

ఆ పై నెల
బెంగుళూరు లారీ గేటు కాడ నిలబడి ఉందని
ఒక్క గంట ఓవర్‌టైం చేసినాడు ఆయన.
ఒకే ఒక్క గంట. నూటనలభైనాలుగు రూపాయలు.
ప్రోగ్రాం ఈసారి ఏ తప్పూ చేయలేదు.
పదైదువేల నూటనలభైనాలుగు. దాటింది. నూటయాభై.
చేతికి పద్నాలుగువేల తొమ్మిదివందల తొంభైనాలుగు.

గంట ఎక్కువ కోసిన మనిషి
కోయని నెల కంటే ఆరు రూపాయలు తక్కువ తెచ్చుకున్నాడు.

పదిసార్లు చూసినాను.
గుర్తు సరిగ్గానే ఉంది.
చట్టం కూడా సరిగ్గానే ఉంది.
హుస్సేనప్ప ఈసారి అడగడానికి కూడా రాలేదు.

బీరువా మీదనుంచి పాత రిజిస్టర్లు దించినాను.
ఎర్రసిరా అంకెల పక్కన, అక్కడక్కడా,
పెన్సిలుతో రెండే అక్షరాలు: వ.నె.
లింగమూర్తికి ఫోన్ చేసినాను.
"వచ్చే నెల" అన్నాడాయన.
"గంటో అరగంటో అయితే పక్కకు జరిపి పెట్టేవాణ్ణి.
నాలుగైదు గంటలు కూడినాక ఒకేసారి రాసేవాణ్ణి.
అప్పుడు దాటినా గిట్టుతుంది గదా."
"అది తప్పు గదా సార్?"
కొంచేపు వాళ్లింట్లో కుక్కర్ విజిలే వినిపించింది.
"గీత గీసింది నేను కాదు పాపా.
ముప్పైరెండేండ్లు దాని పక్కన కూర్చున్నా, అంతే."

ప్రోగ్రాంలో మిషను చదవని మాటలు రాసుకోవచ్చు.
ముందర చిన్న గుర్తు పెడితే చాలు,
చూడనట్టు దాటుకొని పోతుంది.
స్లాబులు మొదలయ్యే చోటికి పైన
ఒక వరుస ఖాళీ చేసి రాసినాను:
హుస్సేనప్ప, ఆరు రూపాయలు.

'వ.నె.' అని కూడా రాసి, తుడిపి, మళ్లీ రాసినాను.
బయట ఎవరో రంపం ఆపినారు.
నీళ్లు మాత్రం బండ మీద ఇంకా కారుతున్నాయి.
జీతాల దినానికి తొమ్మిది రోజులుంది.