పోవలదనను

మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందన్నాడు
మదనపల్లె డాక్టరు.
మూడు రోజులు. గుసగుస కూడా వద్దు.
గుసగుసే ఇంకా చెడ్డదట.

ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా
ముప్పై ఎనిమిది రాత్రులు రాణిని.
జనరేటర్ పొగలో పదిన్నరకి కిరీటం,
తెల్లారి నాలుగున్నరకి టీ.
అర్దళం మెడ మడతల్లో ఇంకా పచ్చగానే ఉంది.
కొన్ని ఊళ్లు డబ్బులిచ్చాయి, కొన్ని శాలువాలు.
బీరువాలో పదిహేడున్నాయి.
కప్పుకుందామంటే మా ఊళ్లో చలే లేదు.

ఇంట్లో ఉంటే నోరు ఊరుకోదు.
పాలవాడితో ఒకటి, పక్కింటి కోళ్లతో ఒకటి.
మేకప్ మస్తానయ్యే అన్నాడు,
"మా నగీనా దగ్గరికి పో అక్కా, బెంగుళూరికి.
ఆడ నీ మాట ఎవరికీ పనిబడదు."

పీణ్యాలో ఒంటి గది.
నగీనా గార్మెంట్స్‌లో ప్యాంట్లకి జేబులు కుడుతుంది.
ఆ జేబుల్లో ఎవరు ఏం పెట్టుకుంటారో తెలియదంటుంది.
పొద్దున్నే బాక్సు కట్టుకుని, తాళం నా చేతిలో పెట్టి,
మూగదానితో మాట్లాడినట్టు గట్టిగా అరిచి చెప్పింది:
"అత్తా! నీళ్లు! పదకొండుకి! పట్టు!"

మొదటి రోజు నిద్రపోయాను.
కలలో కూడా ఎవరో తెర లాగలేదని తిడుతున్నాను.

రెండో రోజు మెట్రో ఎక్కాను.
తలుపు మూసే ముందు కూత వేస్తుంది చూడండి,
అది ఏ రీడో హార్మోనిస్టు గంగులప్ప ఉంటే చెప్పేవాడు.
ఎవరి చెవిలో వాళ్లకి పాట.
వన్స్‌మోర్ అని ఒక్కడూ అరవలేదు.
కిటికీ పక్కన కూర్చుని ఆ చివర నుంచి ఈ చివరకి
రెండుసార్లు పోయాను, ఊరికే.

మల్లేశ్వరంలో పూలమ్మి
కన్నడంలో అడిగింది, తెలుగులో అడిగింది, అరవంలో అడిగింది.
గొంతు చూపించి చెయ్యి ఊపాను.
అయ్యో అనుకుని ఓ మూర ఎక్కువ కొలిచింది.
నిజం చెప్పలేని నోరు, ఏం చేస్తాను?
పెట్టుకున్నాను.

ఆదివారం నగీనా కబ్బన్ పార్కుకి తీసుకుపోయింది.
వెదురు నీడలో దుప్పట్లు పరుచుకుని
మనుషులు పుస్తకాలు చదువుతున్నారు. ఎవరూ మాట్లాడరు.
బోర్డు లేదు, కాపలావాడు లేడు.
నాలాంటి వాళ్లు ఇంతమందా అనుకున్నాను.
నగీనా చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోయింది.
నా సంచిలో చదవడానికేముంది?
పోర్షను నోటుబుక్కు. ముత్యాలప్ప మాస్టారి ఊదా సిరా.

రాజు యుద్ధానికి పోతాడు. రాణి పద్యం.
ఇరవై రెండేళ్లుగా ఎత్తుకుంటున్నాను
"పోవలదా..." అని.
అక్కడే ఆపి, పై షడ్జంలో నిలబడి, దిగి, మళ్లీ ఎక్కి,
రెండు నిమిషాలు. అక్కడే ఈలలు,
అక్కడే జాకెట్టుకి గుచ్చే నూరు నోట్లు.
మిగిలిన "నను" ఆ గోలలో కలిసిపోయేది.
వద్దని మొగుడి కాళ్లు పట్టుకునే రాణినే
పల్లెలన్నీ చూశాయి.

ఇప్పుడు రాగం లేదు. కన్ను ఒక్కటే ఉంది.
ఊదా సిరాలో అది విడిగా లేదు, ఒకే మాట.
పోవలదనను.
పోవద్దు అని అనను.

మాస్టారు రాసిన ఆడది
ఒక్కసారైనా మొగుణ్ణి ఆపలేదు.
నేనే ఆపాను, ఊపిరి చాలక.

నవ్వొచ్చింది. నవ్వకూడదు కదా, అదీ గొంతే.
పక్క దుప్పటి మీది కుర్రాడు
తలెత్తి చూసి మళ్లీ పేజీ తిప్పాడు.

మెజెస్టిక్‌లో బస్సు. కండక్టరు ఎక్కడికన్నాడు.
ఎనిమిదీ నలభై.
డాక్టరు గడువు తొమ్మిదికి.
అరచేతిలో ఊరి పేరు రాసి చూపించాను.

హొసకోట దాకా ట్రాఫిక్.
టికెట్టు వెనక పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను:
ఊపిరి, "అనను" తర్వాత.
మంగళవారం తంబళ్లపల్లెలో
గంగులప్ప వేళ్లు రీడు మీద పెట్టి
రెండు నిమిషాలు నాకోసం చూస్తాడు.
ఈలలు రావు. నోట్లూ రావు.

రానీ, రాకపోనీ.
ముందు జ్యోతికి నూనెకి ఎవరివ్వాలో తేల్చాలి.