నాలుగో మేజోడు

నవంబరు రెండో గురువారం,
షట్టరు కింది సందులోంచి పొగమంచు లోపలికొచ్చే రాత్రి,
ఎల్వియో టైర్ల దుకాణం వెనక గదిలో కలుస్తాం, ఐదుగురం.
జాకీలు పక్కకు నెట్టి, పాత తలుపొకటి పడుకోబెడితే
అదే మా బల్ల.
ఐదు సీసాలు. ఒక్కోదానికి మెడదాకా ఒక్కో ఉన్ని మేజోడు.
ఎల్వియో వాళ్ళమ్మ అల్లినవి.
ఉతికినవేనంటాడు.

మూడో గుక్కదాకా ఎవరూ నోరు మెదపకూడదు.
తెచ్చినవాళ్ళకి తమ సీసా దగ్గర మౌనవ్రతం.
ఏ దేశందో తప్పు చెప్పినవాళ్ళు
తర్వాతి సీసాకి గ్లాసులు కడగాలి.
ఇరవై రెండేళ్ళలో అన్సెల్మో చెయ్యి తడవలేదు.
మందుల దుకాణం నడిపిన మనిషి.
గ్లాసులో ముక్కు పెట్టి
"ఉత్తరపు వాలు. వాన ఆలస్యమైన ఏడు," అనేవాడు
వైద్యుడి చీటీ చదివినట్టు.

మొదటిది రియోహా.
ముందు కొబ్బరి తగిలింది, తర్వాత పాత తోలు బెల్టు,
ఆ వెనకెక్కడో ఎండు అత్తిపండు.
వయసు దాచుకోవాలన్న ఆలోచనే లేని వైను.

రెండోది రోన్ లోయది. మిరియం, పొగ, కాలిన రబ్బరు.
రబ్బరు వైనుదా, దుకాణానిదా అని
రెనాటాకీ ఎల్వియోకీ పావుగంట తగువు.
చివరికి గ్లాసులు పట్టుకుని ఇద్దరూ వీధిలోకెళ్ళి
మంచులో నిలబడి పీల్చి వచ్చారు.
తగువు తీరలేదు.

మూడోది మెండోసా నుంచి, నేను తెచ్చింది.
చిక్కగా, నల్లగా, ఎండను మరగకాచి దించినట్టు.
తొలి గుక్కలోనే అన్నీ చెప్పేసింది.
రెండో గుక్కకి దాని దగ్గర మాటల్లేవు.
అన్సెల్మో ఇట్టే పట్టేశాడు,
తెల్ల కాగితం మీద గ్లాసు వంచి, అంచున ఊదారంగు చూసి.
అప్పుడే గమనించాల్సింది.
ముక్కు గ్లాసులో ఉంది గానీ
కళ్ళు మా ముఖాల మీద ఉన్నాయి.

నాలుగోది బూడిదరంగు మేజోడు.
డెల్ఫీనా ఒంపింది. పలచని ఎరుపు, ఇటుక వైపు తిరిగినది,
అవతలి వేలు కనబడేంత.
ఇంత నీరసమా అనుకునేలోపు
వగరు.
చిగుళ్ళ వెంట పాకి
చెంపల లోపలి చర్మానికి కుచ్చిళ్ళు పోసి
నాలుకను ఉన్నచోటనే కట్టేసే వగరు.
అది సడలాక, తీరిగ్గా,
తారు రోడ్డు మీద వాన.
ఖాళీ చేసిన సొరుగులో ఎండు గులాబీ.
ఆపైన ఒక మట్టి, పేరు పెట్టి పిలవగలిగిన మట్టి.
మా కొండే.
డెల్ఫీనా స్కూలు బస్సు గేరు మార్చే మలుపు పైన,
పన్నెండేళ్ళప్పుడు నేనూ అన్సెల్మో
గంపకింతని కూలికి ద్రాక్ష కోసిన వాలు.

అంత వగరుకి మా ముఖాలన్నీ ఒకేలా ముడుచుకున్నాయి.
అన్సెల్మో ఒక్కొక్కరినే చూశాడు.
దొరకలేదు.
గ్లాసు వంచాడు, నిలబెట్టాడు, మళ్ళీ వంచాడు.
"గ్రీసు," అన్నాడు. "నౌసా వైపుది."
పడదగ్గ పొరపాటే. గట్టి ముక్కులు కూడా జారినచోటే.
వగరుకి వాసనతో పనిలేదు, చర్మం చాలు.
కానీ ఆ మట్టి?

నా వంతు వచ్చింది.
"నాదీ గ్రీసే," అన్నాను.

డెల్ఫీనా మేజోడు కిందికి లాగింది.
చీటీ మీద మా ఊరి పేరు.
ఆమె చూసింది అన్సెల్మోని కాదు, నన్ను.
ఎల్వియో తొడ చరుచుకుని నవ్వాడు:
"కుళాయిలో వేణ్ణీళ్ళే వస్తున్నాయి, దయచెయ్యండి!"

అతను కడిగాడు, నేను తుడిచాను.
చేతుల్లో తేలిగ్గా ఉన్నాయి గ్లాసులు, మేం ఇద్దరమే బరువుగా.
"జనవరి జ్వరం తర్వాత..." అని ఆగిపోయాడు.
నురగను ముఖం దాకా ఎత్తుకున్నాడు.
"ఈ సబ్బు దేని వాసన?"
"నిమ్మ," అన్నాను.
"ఎలాంటి నిమ్మ?"

నలభై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాణ్ణి,
నిమ్మకాయ ఎలా ఉంటుందో
ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు.
గదిలో ఐదో కార్కు చప్పుడైంది. పిలుస్తున్నారు.
"కాయ కోసినప్పటిది కాదు," అని మొదలుపెట్టాను,
"తొక్క గిల్లినప్పటిదీ కాదు, కోటు జేబులో పెట్టుకుని
మర్చిపోయిన నిమ్మాకు..."
"కాస్త మెల్లిగా," అన్నాడు అన్సెల్మో,
కుళాయి కట్టేస్తూ.