గంటగోపురం మీద పదకొండు గూళ్లు

అర్రోయోసెకోలో ఆదివారం సాయంత్రం
ఫుట్‌బాల్ ఆట మొదలైందని ఎవరూ చెప్పనక్కర్లేదు.
నా పేజీ ఆరిపోతుంది.

ముందు నా తీగల్నే అనుమానించాను.
రౌటర్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ పెట్టాను.
నిచ్చెనెక్కి కెమెరా కన్ను తుడిచాను,
మార్చి గాలికి వేళ్లు కొంకర్లు పోతుంటే.
నాలుగో ఆదివారానికి గానీ తెలియలేదు,
ఎక్కడో కోర్టులో పెట్టిన సంతకం
నా తలుపు మీద గడియగా పడిందని.

ఆటను దొంగచాటుగా చూపించేవాడెవడో
ఇంటర్నెట్లో నేనుండే నంబరులోనే అద్దెకున్నాడట.
ఆ ఒక్క నంబరు వెనక వేలమందిమి:
చెప్పులకు అట్టలేసే హెర్మెలిందో,
ఈ రాత్రి ఏ మందుల షాపు తెరిచుంటుందో చెప్పే పట్టిక,
బదహోస్‌లో తేనె అమ్మే అక్కచెల్లెళ్లు,
నేను, నా కొంగలు.
ఒకరి మొహం ఒకరం ఎరగం.
శిక్ష పడ్డాకే పరిచయాలయ్యాయి.

నన్ను దొంగల పక్షం అనకండి.
దొంగతనమంటే ఏమిటో నాకు తెలుసు.
మంచులో ఆరు గంటలు నిలబడి తీసిన నా ఫోటో,
మెడలు వెనక్కి వాల్చి ముక్కులు టకటకలాడించే జంట,
ఒక బ్యాంకు క్యాలెండర్లో ఫిబ్రవరి నెలయింది.
కింద నా పేరు లేదు. సెలవుల ఎర్రంకెలున్నాయి.
ఉత్తరం రాశాను. ఇంకోటి రాశాను.
రెండోదానికి జవాబుగా
వచ్చే ఏడాది క్యాలెండర్ పంపించారు.
అప్పుడు ఏ చట్టమూ నిద్రలేవలేదు.
ఒక్క తలుపుకైనా, పొరపాటునైనా, తాళం పడలేదు.
ఇప్పుడు
"సృష్టించినవారి హక్కు కోసం" అంటూ
నా ఇంటికే తాళం వేసి
చెవి తీసుకెళ్లి ఆటల కంపెనీ జేబులో వేశారు.

కొంగ కూడా దొంగదే. కసీల్దాని అడగండి.
తొంభై ఒకటో ఏట, వృద్ధుల ఆశ్రమంలో మెట్ల పక్క గది.
"నా నీలం ఏప్రన్ దండెం మీంచి ఎత్తుకుపోయింది,
నా పెళ్లయిన ఏడు.
ఇంకా ఆ నాలుగో గూట్లోనే ఉంటుంది, చూడు"
అని బోసినోటితో నవ్వుతుంది.
ఏప్రన్ కోసం గోపురం కూల్చమని
ఆమె ఏ మేయర్నీ అడగలేదు.
ఎలుక మీద కోపంతో
తన ఇల్లు తగలెట్టుకున్నవాడి సంగతి విన్నాం గానీ
వీధి వీధంతా తగలెట్టి
కాగితం మీద ముద్ర వేయించుకున్నవాణ్ని
ఇప్పుడే చూస్తున్నాం.

ఆ ఆదివారం నాలుగో గూట్లో
గుడ్డు మీద సన్నగా గీత పడింది.
ముప్ఫై మూడు రోజులుగా కసీల్దా
జపమాల పూసల మీద లెక్కపెడుతోంది.
నర్సు నీవెస్ టాబ్లెట్‌ని దిండుకి ఆనించింది.
ఆరుంబావుకి ఆట.
ఆరుంబావుకి తెర తెల్లబోయింది.
ఆమె కూడా.

బార్లోంచి "గోల్" అని ఊరంతా అరిచిన క్షణంలోనే
(తర్వాత రికార్డు చూస్తే తెలిసింది)
తడిసిన బూడిద ముద్దలాంటి పిల్ల ఒకటి
పెంకులోంచి మెడ పైకెత్తింది.
ఆ కేక తనకోసమే అనుకుందో ఏమో,
కాసేపు అలాగే నిలిపింది.

ఆట అయ్యాక పేజీ దానంతట అదే వచ్చేసింది,
ఏమీ ఎరగనట్టు, చొక్కా దులుపుకుంటూ.
ఫిర్యాదు పత్రంలో
"నష్టం, యూరోల్లో" అని ఒక గడి.
చాలాసేపు దానివైపే చూసి
"ఒక పుట్టుక" అని రాశాను.
తిప్పి పంపారు. గడిలో అంకెలే రాయాలట.

రికార్డు చూపిస్తే కసీల్దా తల తిప్పేసుకుంది.
"అయిపోయిందిగా" అంది.

ఇప్పుడామె మంచం పక్క గోడకి
ఆటల పట్టిక అంటించుకుంది.
జట్లన్నీ కంఠతా వచ్చు. అర్ధరాత్రి లేపినా చెబుతుంది.
ఎవరు గెలిచినా ఆమెకి ఒకటే.
అయిదో గూట్లో ఇంకా రెండు గుడ్లున్నాయి.
ఆదివారం పూట పూసలు తిప్పుతూ
దేవుణ్ని ఒక్కటే అడుగుతుంది,
ఎవరికీ దెబ్బలు తగలకూడదని,
అదనపు సమయం ఇవ్వకూడదని.