పైలట్ నిచ్చెన

రాజీనామా కాగితం పదకొండు రోజులుగా
నా క్యారేజీ సంచిలోనే ఉంది.
నాలుగు మడతల్లో ఒక మడతకి
మాగాయ నూనె అంటి
"గౌరవనీయులైన" అన్న మాట
అవతలి వైపుకి కనిపిస్తోంది.

పాత పోస్టాఫీసు వెనక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు,
పందొమ్మిదేళ్ళ నా కుర్చీ.
కిటికీ తీస్తే బొగ్గు నుసి,
మూస్తే ఉక్క.
ఈ రెంటి మధ్య సర్దుకోవడాన్నే
ఉద్యోగం అనుకున్నాను.

నా భయానికి లెక్కలు బాగా వచ్చు.
నా దగ్గరే నేర్చుకుంది మరి.
రాత్రి ఒంటిగంటకి లేచి కూర్చుని
నా దస్తూరీతోనే రాస్తుంది:
జ్ఞానాపురం ఇంటి అద్దె,
చిన్నదాని పాలిటెక్నిక్ ఫీజు,
నా షుగరు మాత్రలు,
నలభై ఆరేళ్ళ ఆడమనిషి
పడవ ఇంజన్లు బాగుచేస్తానంటే నవ్వే నోళ్ళు,
ఒక్కో నోటికీ ఒక్కో పద్దు.
జమ వైపు మాత్రం
ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తుంది.

అక్కడ ఏం రాయాలో నాకు తెలుసు.
ఎనిమిదేళ్ళ ఆదివారాలు.
ఫిషింగ్ హార్బరు జెట్టీ చివర రేకుల షెడ్డులో
కారి దానయ్య పక్కన గోనెపట్టా మీద కూర్చుని
ఉప్పు పట్టిన కార్బురేటర్లు విప్పిన మధ్యాహ్నాలు.
చప్పుడు విని
రింగు అరిగిందని చెప్పగలిగిన మొదటి రోజు.
ఇప్పుడాయన కళ్ళకి పొర కమ్మింది.
"షెడ్డు నీకిచ్చీసినాను, తీసుకో" అంటాడు
బీడీ ఇచ్చినంత తేలిగ్గా.

"బయమేస్తంది మావా" అన్నాను.
"ఎయ్యదేటి మరి?" అన్నాడు.

కుర్రతనంలో ఆయన పైలట్ లాంచీ మీద పనిచేశాడు.
డాల్ఫిన్స్ నోస్ దాటాక, ఓడ పక్కకి లాంచీ చేరాక
పైనుంచి తాళ్ళ నిచ్చెన వేలాడుతుంది.
"కెరటం నిన్ను పైకెత్తుద్ది సూడు,
ఆ పైనున్నప్పుడే నిచ్చెన పట్టాల.
దిగినప్పుడు పట్టినావా,
లాంచీ మల్లీ లేచొచ్చి కాళ్ళు నలిపీస్తాది.
నీల్లు ఆగనీ, అప్పుడెక్కుతానంటావా?
అవెప్పుడాగినాయి?"

హుద్‌హుద్ మర్నాడు గుర్తొచ్చింది.
ఆఫీసు పైకప్పు సగం ఎవరింటికో ఎగిరిపోయింది.
కూలిన చెట్ల మీంచి నడిచొచ్చి
తడిసిన వోచర్లు రోడ్డు మీద పరిచి
రాళ్ళు పెట్టి ఆరబెట్టాను.
ఆవేళ భయపడలేదు.
ఏం చేస్తావని నన్నెవరూ అడగలేదు మరి.
అడిగినప్పుడే వణుకు.

పన్నెండో రోజు కాగితం బల్ల మీద పెట్టాను.
మేనేజరు సన్యాసినాయుడు గారికి పంటినొప్పి.
దవడ పట్టుకుని, చదవకుండానే
"అక్కడుంచండమ్మా" అన్నారు.
పందొమ్మిదేళ్ళూ ఒక పేపరువెయిట్ కిందకి వెళ్ళాయి.
మెట్లు దిగుతుంటే మోకాళ్ళు నావి కావు.

ఇవాళ షెడ్డులో మొదటి బేరం.
మైలపల్లి తాతారావు ఇంజను,
అలకపాన్పెక్కిన కొత్తల్లుడు.
తాడు ఆరుసార్లు లాగాను.
దగ్గింది, ఆగింది.
జెట్టీ మీద నలుగురు చేరారు. ఒకడు నవ్వాడు కూడా.
దానయ్య ఏమీ అనడు, చెవి మాత్రం ఇటు తిప్పాడు.
భయం పక్కనే గోనెపట్టా మీద కూర్చుని
ఖర్చులు రాసుకుంటోంది.
రాసుకోనీ.
కుచ్చిళ్ళు ఎగదోపి
ఏడోసారి లాగడానికి
కాలు సరిగ్గా మోపుతున్నాను.